పై పోర్షన్ – పద్నాలుగో భాగం: బోణీ పిల్ల

పోయిన వారం నోరాను బజార్లో నిలబెట్టి వెళ్లిపోయాం. ఆ పిల్ల కుడిచేయి వెంకట్రాజం చేతిలో ఉంది, ఎడమచేతి గుడ్డసంచి మొగిలమ్మ గుంజుతోంది. పదమూడేళ్ల పిల్లను ఏడురోజులు అట్లాగే వదిలేస్తారా అని నలుగురైదుగురు పాఠకులు నాకు మెసేజీలు పెట్టి చీవాట్లు వేశారు. ఒప్పుకుంటున్నాను, తప్పే. కానీ ఈ వారం జరిగింది విన్నాక, ఆ పిల్ల ఇంకో వారం అక్కడే నిలబడి ఉంటే బాగుండేదని మీరే అంటారేమో.

కొత్తగా చదవడం మొదలుపెట్టిన వాళ్ల కోసం నాలుగు మాటలు. ఐర్లండ్ నుంచి వచ్చిన కోనర్, బ్రిజిట్, నోరాతో కలిపి వాళ్ల ఏడుగురు పిల్లలు హనుమకొండలో సదానందం, పద్మలతల ఇంటి పై పోర్షన్లో కిరాయికి ఉంటున్నారు. కింద సదానందం కిరాణా దుకాణం. అక్కడ తమ దేశంలో ఏడుగురు పిల్లలున్న సంసారానికి ఇల్లిచ్చేవాడు దొరకలేదు. దొరికిన ఇంటి కిరాయికి కోనర్ జీతం సరిపోలేదు. అప్పుడు మన ఊరవతలి ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు వీడియో కాల్లో కనిపించి, ఇంగ్లీషు చెప్పండి, జీతం మాది, ఇల్లు మాది, పిల్లల చదువు మాది అన్నారు. వీళ్లు ఉన్న సామానంతా అమ్మి విమానం ఎక్కారు. అడ్మిషన్లు ముగిసేదాకా కోనర్ ఫొటో కాలేజీ ఫ్లెక్సీల మీద నవ్వింది. ముగిశాక జీతమూ, కాలేజీ కడతానన్న ఇంటి కిరాయీ ఆగిపోయాయి. వీసా ఆ కాలేజీ పేరు మీదే ఉంది కాబట్టి ఆయన ఇంకోచోట పనిచేయకూడదు. బ్రిజిట్ అయితే అసలు ఎక్కడా పనిచేయకూడదు. ఆ కాయితాల సంగతి తేల్చుకోవడానికి హైదరాబాదు వెళ్లిన కోనర్ పదకొండు రోజులైనా తిరిగి రాలేదు. కిరాయి మూడు నెలలు ఆగింది. శనివారం లోపల ఖాళీ చేయాలని సదానందం తేల్చేశాడు. ఆ మాటను మెట్ల మీద నిలబడి నోరాకు చెప్పింది మాత్రం పద్మలత. ఇవాళ గురువారం.

ఇక బజారుకు పోదాం.

గొడవ బోణీ గురించి. పొద్దున షట్టరు లేపగానే వచ్చిన మొదటి బేరాన్ని మన వ్యాపారస్తులు వెనక్కి పంపరని మీకు వేరే చెప్పాలా? ఎంత తక్కువకు అడిగినా ఇచ్చేస్తారు. ఆ నోటును కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేస్తారు. నాలుగు నెలలుగా వెంకట్రాజం పప్పుల దుకాణానికి బోణీ చేస్తున్నది నోరాయే. ఆ పిల్ల మొదటిసారి అడుగుపెట్టిన వారంలోనే ములుగు నుంచి ఇద్దరు బేరగాళ్లు వచ్చి క్వింటాళ్ల కొద్దీ కందిపప్పు జీపులో వేసుకుపోయారు. ఆ రోజు నుంచి వెంకట్రాజానికి నోరా నోరా కాదు, లక్ష్మి. లక్ష్మీదేవికి ఎర్రజుట్టు ఎందుకుండకూడదని భార్య చిలుకమ్మతో వాదించాడు కూడా.

ఎదుటి అరుగు మీద కూరగాయలు అమ్మే మొగిలమ్మకు బోణీ చేసేది నోరా తమ్ముడు ఫిన్. ఇవాళ వాడికి జ్వరం. అందుకని నోరా ముందు పప్పు కొని, తరువాత వాడి బదులు మొగిలమ్మ దగ్గరికి వచ్చింది. వెంకట్రాజం దుకాణంలోంచి పప్పు పొట్లంతో దిగుతున్న పిల్లను మొగిలమ్మ చూడనే చూసింది.

"గాడ చేసిన చెయ్యితోని నాకు చేస్తానవా బిడ్డా? ఎంగిలి బోణీ నాకెందుకు? ముందుగాల నా కాడికి రావద్దా?" అని ఆమె సంచి పట్టుకుంది.

"నాలుగు నెలల సంది పది రూపాయలకు పావుకిల పప్పిస్తాన. ఎందుకిస్తాన? చెయ్యి మంచిదని. గా చెయ్యి నీ టమాటల మీద పెడితె నా బేరం సగం నీకు రాదా?" అని వెంకట్రాజం చేయి పట్టుకున్నాడు.

తన దుకాణం ముందు చీపురు పట్టుకుని ఉన్న పద్మలత ఇదంతా చూసి చీపురు అక్కడే పారేసి వచ్చింది. వచ్చి ఇద్దరి చేతులూ విడిపించింది.

"సిగ్గుండాలె మామా, పిల్లను పట్టుకొని గుంజుతారా?" అని, నోరా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. పొద్దుగాల మీ ఇంటోళ్లు ఎన్ని దుకాణాలకు పోతరు?"

పిల్లలకు భాష తొందరగా అంటుకుంటుంది; నాలుగు నెలల్లోనే నోరా తెలుగు స్వచ్ఛమైన హనుమకొండ బజారు తెలుగు అయిపోయింది. కళ్లు మూసుకుని వింటే మొగిలమ్మ మనవరాలే అనుకుంటారు. ఆ పిల్ల ఏమీ దాచలేదు. దాచాల్సింది ఏమైనా ఉందని దానికి తెలియనే తెలియదు.

"ఐదు దుకాణాలకు చిన్నమ్మా. నాది పప్పు, ఫిన్‌ది కూరగాయలు. టామ్ నూకలకు పోతడు, ఎమ్మా నూనెకు పోతది, కేటీ బేకరీకి పోతది. మాగీ, రోరీ చిన్నోళ్లు గదా, వాళ్లు రారు."

"అందరు బోణీకేనా?"

"ఆ. దుకాణం తీసేదాక బయటనే నిలబడతం. మాకంటె ముందుగాల ఎవలన్న వస్తె ఆ దినం అది లేనట్టే."

"ఎందుకు బిడ్డా గట్ల?"

"బోణీకి పోతె ఎంతిచ్చినా కాదనరు గదా. అమ్మ రోజుకు యాభై ఇస్తది. ఐదుగురం, మనిషికి పది."

"గిది నీకెవలు చెప్పిండ్రు?" ఈసారి అడిగింది వెంకట్రాజం. గొంతు ముందున్నట్టు లేదు.

"ఎవలు చెప్పలే తాతా. ఫస్టు దినం నేను పది రూపాయలిస్తె నువ్వు కండ్లకద్దుకొని పావుకిల ఇచ్చినవు. తెల్లారి పదకొండు గంటలకు వస్తె నలభై అన్నవు. మూడోనాడు మళ్ల పొద్దుగాల వచ్చి చూసిన. పదికే ఇచ్చినవు. అప్పుడు సమజైంది."

బజారంతా ఒక్కసారి చప్పుడాగిపోయింది అని రాయను. బజారు ఆగదు. ట్రాలీ ఆటో హారన్ కొడుతూనే ఉంది, పాలవాడు క్రేట్లు దించుతూనే ఉన్నాడు. ఆగిపోయింది ముగ్గురే.

పద్మలత నాలుగు నెలలుగా ఆ పిల్లలను రోజూ చూస్తోంది. సన్నగా ఉంటే, ఫారినోళ్లు గిట్లనే తక్కువ తింటరట అని పక్కింటి వాళ్లకు తనే చెప్పింది. చెత్తబండి వచ్చినప్పుడు పై పోర్షన్ బకెట్లో కూరగాయల తొక్కలు, మెతుకులు ఒక్కటీ ఉండకపోతే, ఎంత శుభ్రమైన మనుషులో చూడమని చెత్త ఎత్తే మనిషికి తనే గొప్పగా చూపించింది. తొక్కలు ఎక్కడికి పోయాయో ఇప్పుడు అర్థమైంది. తన తలమీద తానే కొట్టుకోవాలనిపించింది.

ఇంకో సంగతి కూడా తోచి, అడగకుండా ఉండలేకపోయింది. "మరి మా దుకాణానికి ఎన్నడు రాలేదేంది? మెట్లు దిగితె మాదే గదా ముందుగాల."

"మీకు కిరాయే ఇయ్యలే గదా చిన్నమ్మా," అంది నోరా. "మళ్ల బోణీ కూడ మీ కాన్నే అడిగితె మంచిగుండదు."

మొగిలమ్మ సంచి వదిలేసి అరుగు మీద కూలబడింది. అదే సంచిని మళ్లీ లాక్కుని టమాటలు, వంకాయలు, ఇన్ని పచ్చిమిరపకాయలు చేతికందినంత వేసింది. నోరా పది రూపాయల బిళ్ల చాపింది.

"వద్దు పో బిడ్డా."

"పైసలు తీసుకోకుంటె బోణీ కాదు గదా అవ్వా."

మొగిలమ్మ బిళ్ల తీసుకుంది. కళ్లకద్దుకోబోయి, చేయి మధ్యలోనే దించి, కొంగు మూలకు కట్టుకుంది. వెంకట్రాజం తన దుకాణంలోకి వెళ్లిపోయాడు. వెళ్లి, చాలాసేపు గల్లాపెట్టె దగ్గర ఉత్తినే కూర్చున్నాడని ఆయన దగ్గర మూటలు దించే మనిషి తరువాత చెప్పాడు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు వెంకట్రాజం సదానందం దుకాణానికి వచ్చాడు. ఇస్త్రీ ధోవతి కట్టుకున్నాడు, నుదుట బొట్టు పెట్టుకున్నాడు. చేతిలో స్టీలు పళ్లెం, అందులో డజను అరటిపండ్లు, కొబ్బరికాయ, ఆకులు, వక్కలు, ఆడపిల్లకు సరిపోయే కొత్త డ్రెస్సు. పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ఉన్నాడని సదానందం నవ్వబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాడు.

"బిడ్డా, నువ్వు జర మీదికి రావాలె," అన్నాడు పద్మలతతో. "ఆమెతోని మాట్లాడాలె. నాకు ఇంగ్లీషు రాదు."

"ఏం మాట్లాడాలె మామా?"

"నోరాను మా ఇంట్ల ఉంచుకుంటం. సాదుకుంటం."

పద్మలత తూస్తున్న చక్కెర పొట్లం తూకంలోనే ఉండిపోయింది. ఆయన ఏమన్నాడో వినపడింది. కానీ ఒక మనిషి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పట్టపగలు వచ్చి, ఒక తల్లిని ఆమె బిడ్డను ఇవ్వమని అడగబోతున్నాడని మనసుకు ఎక్కడానికి కొంత సమయం పట్టింది.

"ఏం మాటంటానవ్ మామా?"

"పొద్దున్నుంచి ముద్ద దిగుతలేదు బిడ్డా. ఆ పిల్ల ఆకలితోని వచ్చి నా దుకాణం ముందు నిలబడితె, నేను లక్ష్మి వచ్చిందని గల్లాకు మొక్కిన. నాలుగు నెలలు. గింత గుడ్డితనం ఉంటదా? చిలుకమ్మకు చెప్తె ఒకటే ఏడుపు. మాకు పిల్లలు లేరని నీకు ఎరుకే గదా."

"గంత బాధయితె పప్పు బస్తా పంపు, బియ్యం పంపు. పిల్లనెందుకడుగుతానవ్?"

"బస్తా ఎన్ని దినాలొస్తది? పిల్ల మా ఇంట్ల ఉంటె మంచిగ తింటది, బడికి పోతది. పక్క గల్లీనే గదా, వాళ్లమ్మ రోజు వచ్చి చూసుకుంటది. మిగిలినోళ్లకు నెలకు బియ్యం, పప్పు నేను చూసుకుంట. ఆగిన కిరాయి నేను కడ్త. ఇంక ముందుది గూడ."

"ఇంట్లనే లక్ష్మి ఉంటె బోణీ ఫికరు గూడ ఉండదు, గంతే గదా?"

ముసలాయన తల దించుకున్నాడు. "అది మనసుల లేదని అబద్ధమాడ బిడ్డా. అది గూడ ఉన్నది."

నాకు ఈ వెంకట్రాజం మీద కోపం రావడం లేదు. రావాలనే చూశాను. ఆయన అడిగినదాంట్లో జాలి ఎంత, ఆశ ఎంత అని విడదీయడానికి ఆయన దగ్గరే తూకం లేదు. కానీ సదానందం మీద మాత్రం నాకు కోపం వచ్చింది.

"అడుగుడుల తప్పేముంది?" అన్నాడు సదానందం, గల్లా వైపు చూస్తూ. "ఇష్టముంటె అంటరు, లేకుంటె లేదంటరు. మూడు నెలల కిరాయి వస్తదంటె శనివారం ముచ్చటే ఉండదు గదా. వాళ్లకు గూడ మంచిదే."

"వేరే దేశం పిల్ల. కాయితాలుంటయి, పోలీసులుంటరు. గట్లెట్ల ఇస్తరు?" అంది పద్మలత.

"దత్తత అంటాననా నేను?" అన్నాడు వెంకట్రాజం. "ఇంట్ల ఉంటది, గంతే. అడుగు బిడ్డా. ఆమె వద్దంటె దండం పెట్టి దిగుత."

పద్మలత లేచింది. ఆమె మనసులో ఏముందో ఉన్నదున్నట్టు చెబుతున్నాను. బ్రిజిట్ ఆ పళ్లెం తీసి మెట్ల మీదికి విసిరికొడితే చూడాలని ఉంది. ఆ పని జరిగేటప్పుడు తను పక్కన నిలబడి ఉండాలని ఉంది. శనివారం మాట తన నోటితో చెప్పిన పాపం అట్లానైనా కొంత తగ్గుతుందని ఆశ.

పైన మంచాలు లేవు. ఉన్న రెండింటినీ పోయిన నెలే అమ్మేశారు. ఒక మూల చాప మీద ఫిన్ నుదుటి మీద తడిగుడ్డతో పడుకున్నాడు. మిగిలిన పిల్లలు గోడవారగా వరసగా కూర్చుని ఒకే పుస్తకం చదువుకుంటున్నారు. స్టవ్ మీద పెద్ద గిన్నెలో పప్పు ఉడుకుతోంది. పొద్దున కొన్న పావుకిలోనే. ఇంట్లో ఉన్న ఎనిమిది మందికీ సరిపోవాలి కాబట్టి బ్రిజిట్ ఇంకో చెంబు నీళ్లు పోసి తిప్పుతోంది. మొగిలమ్మ వేసిన టమాటలు మాత్రం ఇవాళ అందులో ఎర్రగా తేలుతున్నాయి.

బ్రిజిట్ ఆరడుగుల మనిషి. వీధిలోని ఆడవాళ్లందరిలాగే నైటీ వేసుకుని మీద తువ్వాలు కప్పుకుంది. ఆ నైటీ ఆమెకు మోకాళ్లు దాటి కొద్దిగానే దిగుతుంది. వెంకట్రాజాన్ని చూసి, ఇంట్లో ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ ఆయన ముందుకు జరిపింది. పొద్దున బజార్లో ఏదో గొడవ జరిగిందని ఎమ్మా చెప్పిందట. పిల్లల వల్ల ఏమైనా ఇబ్బంది కలిగి ఉంటే క్షమించమని ఇంగ్లీషులో అంది.

పద్మలత కాకతీయ యూనివర్సిటీలో బీకాం చదివింది. మొదట్లో బ్రిజిట్ మాట సగమే అర్థమయ్యేది. నాలుగు నెలల్లో చెవికి అలవాటైంది. ఇప్పుడు ఒక్క మాట పోదు.

"ఇక్కడ అన్నీ చవక కాబట్టి బతుకుతున్నాం," అంది బ్రిజిట్ ఆమెతో, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు. "పది రూపాయలకు ఇంత పప్పు. మా ఊళ్లో చెబితే ఎవరూ నమ్మరు."

పద్మలత నోరా వైపు చూసింది. నోరా నేల చూపులు చూస్తోంది. తల్లికి బోణీ సంగతి తెలియదు. పద్మలతకు పొద్దున తిన్న దెబ్బే ఇంకా తగ్గలేదు, దాని మీద ఇది.

"చెప్పు బిడ్డా," అన్నాడు వెంకట్రాజం. కుర్చీలో కూర్చోలేదు. పళ్లెం రెండు చేతులతో పట్టుకునే నిలబడ్డాడు.

"నేను చెప్పలేను మామా. గీ మాట నా నోటితోని రాదు. నన్ను ఇడిసిపెట్టు."

"మరి ఎవలు చెప్తరు?"

"నేను చెప్త తాతా," అంది నోరా. "ఇంటికెవలొచ్చినా నేనే గదా చెప్పుడు."

"నీ ముచ్చటనే బిడ్డా. నీకెట్ల..."

"నా ముచ్చట అయితె ఏంది? చెప్పు, చెప్త."

అప్పుడే పద్మలత ఆ పిల్లను బయటికి పంపించాల్సింది. తనే చెప్పేసి ఉండాల్సింది. అది చేయలేదు. మంచిదాన్ననిపించుకోవాలనే ఆశతో వెనక్కి తగ్గింది. ఆ తరువాత జరిగినదంతా ఆ తగ్గడం వల్లే జరిగింది.

వెంకట్రాజం చెప్పాడు. ఒక్కొక్క మాట ఆపి ఆపి చెప్పాడు. నోరా ఒక్కొక్క మాటా తల్లికి చెప్పింది. పద్మలత రెండు వైపులా విన్నది. ఆ పిల్ల ఒక్క అక్షరం పోనివ్వలేదు. వేరే గది ఉంటుందట. మంచి బడిలో వేస్తారట. మూడు పూటలా భోజనం పెడతారట. ఈ ఇంటికి నెలనెలా బియ్యం, పప్పు పంపుతారట. కిరాయి కడతారట. 'నన్ను' అనాల్సిన ప్రతిచోటా 'నోరాను' అంది. నోరాను పంపిస్తారా అని అడుగుతున్నారు, అంది. ఎవరో పక్కింటి పిల్ల గురించి చెబుతున్నట్టు ఉంది.

బ్రిజిట్ గరిటె పక్కన పెట్టింది. స్టవ్ ఆపింది. ఇటు తిరిగాక ఆమె మొహంలో కోపం లేదు. రక్తమే లేదు. వచ్చి నోరా భుజం మీద చేయి వేసి, వెంకట్రాజం కళ్లలోకి చూస్తూ ఇంగ్లీషులో మాట్లాడింది. మెల్లగానే మాట్లాడింది.

"ఆయన మంచి మనసుతోనే అడిగి ఉంటాడు. నాకు కోపం లేదని చెప్పు. కానీ నా పిల్లల్లో ఒక్కరిని కూడా ఇవ్వను. అక్కడ ఇల్లు పోయినప్పుడు అక్కడి అధికారులూ ఇదే అన్నారు. మీకు ఇల్లు దొరికేదాకా పిల్లలను ఇద్దరొక చోట, ముగ్గురొక చోట సర్దుతామన్నారు. కాయితాలు కూడా తెచ్చారు. ఆ రాత్రే మీ నాన్న ఈ కాలేజీకి సరేనన్నాడు. ఉద్యోగం కోసం కాదు, మిమ్మల్ని విడదీయకుండా ఉండటానికి ఇంత దూరం వచ్చాం. ఆకలితో పోయినా అందరం ఒకచోటే పోతాం. అట్లాగే చెప్పు."

పద్మలత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ కుటుంబం చౌక దేశం చూసి వచ్చిందనుకున్నారు వీధిలో. తనూ అట్లాగే అనుకుంది. ఏడుగురిని ఒక కప్పు కింద ఉంచుకోవడానికి ఏడు సముద్రాలు దాటి, తన ఇంటి మీది కప్పు కిందికి వచ్చారు. ఆ కప్పునే శనివారం లోపల వదలమంది తను. కానీ బ్రిజిట్ కాదంది. తను కోరుకున్నట్టే కాదంది. పద్మలత గుండెల మీది బరువు కొంచెం దిగింది.

నోరా తల్లి చెప్పిందంతా పూర్తిగా విన్నది. తల ఊపింది. వెంకట్రాజం వైపు తిరిగింది.

"అమ్మ సరేనన్నది తాతా," అంది.

పద్మలత తల ఎత్తింది.

"కని కిరాయి ఇయ్యాల్నే కట్టాలంట. బియ్యం రేపు పంపాలంట. ఫిన్‌ను దవాఖానకు తీస్కపోవాలంట. నన్ను ఆదివారం పంపిస్తదంట."

పొద్దున బజార్లో పప్పు లెక్క చెప్పిన గొంతే. వెంకట్రాజం కళ్లు నిండాయి. రెండు అడుగులు ముందుకు వేసి బ్రిజిట్ ముందుకు పళ్లెం చాపాడు.

బ్రిజిట్ ఆయన కళ్లలో నీళ్లు చూసింది. కాదన్నా కోపం తెచ్చుకోకుండా, పిల్లలకు పండ్లిచ్చి పోతున్నాడనుకుంది. ఆమెకు తెలిసిందల్లా అంతే. చేతులు తువ్వాలుకు తుడుచుకుని, రెండు చేతులా పళ్లెం అందుకుంది. మన దగ్గర ఆకులు, వక్కలు పెట్టిన పళ్లెం అందుకోవడమంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. థాంక్యూ, థాంక్యూ అంటూ తల వంచింది. వెంకట్రాజం దండం పెట్టి, అరవై రెండేళ్ల మనిషినని మరిచిపోయి, మెట్లు గబగబా దిగాడు.

పద్మలత ఆయన వెనక నాలుగడుగులు వేసింది. మెట్ల దగ్గర ఆగిపోయింది. కింద ఆయన గొంతు వినపడింది. "సదానందం, ఆమె పళ్లెం తీసుకున్నది. గల్లా తియ్యి, కిరాయి రాసుకో."

గదిలో చిన్నపిల్లలు అప్పటికే పళ్లెం చుట్టూ చేరారు. మూడేళ్ల రోరీ అరటిపండు తొక్కతోనే కొరికాడు. నోరా వాడి చేతిలోంచి తీసుకుని ఒలిచి ఇచ్చింది. కొత్త డ్రెస్సును మడత విప్పకుండా పక్కకు జరిపింది.

"ఎంత పెద్దమనసు," అంది బ్రిజిట్ పద్మలతతో. ఈ నెలలో ఆమె నవ్వడం పద్మలత ఇప్పుడే చూస్తోంది. "కాదంటే చిన్నబుచ్చుకుంటాడని భయపడ్డాను. నేను చెప్పింది ఆయనకు సరిగ్గానే అర్థమైంది కదా పద్మలతా?"

పద్మలత నోరు తెరిచింది. నోరా తల ఎత్తలేదు. ఇంకో పండు ఒలుస్తూ, తల్లికి రాని తెలుగులో, మామూలుగా మాట్లాడినట్టే అంది.

"చెప్పకు చిన్నమ్మా. శనివారం ఖాళీ చెయ్యిమన్నది నువ్వే గదా. నిజం చెప్తె, ఆదివారం వీళ్లందరు ఏడ పండాలె?"

బ్రిజిట్ ఇద్దరినీ చూసింది. ఏదో పిల్లల ముచ్చట అనుకుంది. నవ్వుతూనే మళ్లీ అడిగింది.

"అర్థమైంది కదా?"